ఆటోనగర్‌లో మొలిచిన కోర: 60 కేజీల హైడ్రాలిక్ క్రషర్‌తో నా అనుభవం

మన దగ్గర రోబోవార్స్ (రోబోలు ఒకదాన్నొకటి కొట్టుకునే పోటీలు) అంటే తిరిగేదే ఆయుధం. ఐఐటీ బాంబే టెక్‌ఫెస్ట్ లాంటి చోట అరీనా పక్కన నిలబడితే చెవుల్లో గిర్రున తిరిగే ఆయుధపు డ్రమ్ముల రొద, కళ్ల ముందు నిప్పురవ్వలు. మా టీమ్ కూడా ఆ దారిలోనే డ్రమ్ బాట్లు చేసుకుంటూ వచ్చింది. క్రషర్, అంటే దవడతో కొరికి నలిపే రోబో, చేద్దామని పట్టుబట్టింది నేను. మిగతావాళ్లు ఒప్పుకున్నది నా మాట విని కాదు, రేజర్ పాత వీడియోలు చూసి.

రేజర్ తెలియనివాళ్ల కోసం: బ్రిటన్ రోబో వార్స్ రెండో సిరీస్‌లో, 1998లో, మొదటిసారి దిగిన రోబో. ఇయాన్ లూయిస్, సైమన్ స్కాట్, విన్సెంట్ బ్లడ్ అనే ముగ్గురు చేశారు. గద్ద ముక్కులాంటి ఒక కోర పైనుంచి దిగి అవతలి రోబో మూతలో నిదానంగా గుచ్చుకుంటుంది. ఐదో సిరీస్ గెలిచింది. ఆరో సిరీస్ ఫైనల్లో మాత్రం టోర్నడో చేతిలో ఓడిపోయింది. టోర్నడో వాళ్లు తమ రోబో చుట్టూ ఒక ఫ్రేమ్ తగిలించుకుని వచ్చారు, ముక్కు అసలు బాడీ దాకా అందకుండా. అన్ని టన్నుల కోరని ఒక ఇనప చట్రం దూరంగా నిలబెట్టేసింది. నేను ఆ ఫైనల్ ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. రేజర్ గెలిచిన మ్యాచ్‌ల కంటే అదే ఎక్కువ నేర్పింది.

మా రోబోకి ‘ఉడుం’ అని పేరు పెట్టాం. విభాగం 60 కేజీలు.

ఫోర్స్ లెక్క ఎవరైనా వేస్తారు: ప్రెజర్ ఇంటూ వైశాల్యం. 50 మి.మీ. బోర్ (లోపలి వ్యాసం) ఉన్న సిలిండర్‌లో పిస్టన్ వైశాల్యం 1963 చదరపు మి.మీ. 200 బార్ అంటే చదరపు మి.మీ.కి 20 న్యూటన్లు. గుణిస్తే 39 కిలోన్యూటన్లు, దాదాపు 4 టన్నులు. కాగితం మీద ఆ అంకె చూసి మావాళ్లు ఎగిరి గంతేశారు. కానీ ఆ 4 టన్నులు సిలిండర్ దగ్గర. కోర దగ్గర కాదు.

మా పై దవడ ఒక పివట్ (ఇరుసు) మీద ఊగుతుంది. వెనకవైపు పివట్‌కి 120 మి.మీ. దూరంలో సిలిండర్ పైకి నెడుతుంది, ముందువైపు 420 మి.మీ. దూరంలో కోర కిందికి దిగుతుంది. అంటే మూడున్నర రెట్లు పోయినట్టే, మిగిలేది 1.1 టన్నులు. అదైనా సిలిండర్ దవడకి లంబంగా ఉన్నప్పుడే. నోరు పూర్తిగా తెరిచినప్పుడు 120 మి.మీ. కాస్తా 95 దగ్గరికి పడిపోతుంది. అందుకే లంబకోణం ఎక్కడ రావాలన్నది డిజైన్‌లో మేం ఎక్కువ కొట్టుకున్న విషయం. మా విభాగంలో రోబోల మూతలు నేల నుంచి సుమారుగా 100 నుంచి 150 మి.మీ. ఎత్తులో ఉంటాయి. పూర్తి బలం ఆ ఎత్తు దగ్గర వచ్చేలా సిలిండర్ మౌంటింగ్ జరిపాం. పైన గాల్లో ఉన్నప్పుడు బలం తక్కువున్నా నష్టం లేదు, అక్కడ కొరికేది ఏమీ లేదు.

అసలు 1.1 టన్ను చాలుతుందా? 10 మి.మీ. గుండ్రటి పంచ్‌తో 3 మి.మీ. అల్యూమినియం రేకులోంచి బిళ్ల తెగాలంటే చుట్టుకొలత, మందం, షియర్ స్ట్రెంత్ మూడూ గుణించాలి. 6061-టీ6 రకం అల్యూమినియానికి షియర్ స్ట్రెంత్ (తెగకుండా ఆగే బలం) 207 మెగాపాస్కల్ వేసుకుంటే దాదాపు 2 టన్నులు వస్తుంది. మన దగ్గర సగమే ఉంది. అందుకే కొన మొద్దుగా ఉండకూడదు. సన్నటి మొనతో మొదలుపెడితే ముందు చిన్న బెజ్జం పడి, తర్వాత రేకు పూరేకుల్లా విచ్చుకుంటుంది. 6 మి.మీ. హార్డాక్స్ (బాగా గట్టి ఉక్కు) ప్లేట్ మాటే ఎత్తక్కర్లేదు, అదే పంచ్‌కి పదిహేను టన్నులు దాటుతుంది. అదృష్టం ఏంటంటే, స్పిన్నర్లు (తిరిగే ఆయుధం ఉన్న రోబోలు) చేసేవాళ్లు బరువంతా ముందుకీ పక్కలకీ పెడతారు. పైమూత దగ్గరికి వచ్చేసరికి కేజీలు అయిపోయి 3 మి.మీ. అల్యూమినియమో, పాలీకార్బొనేటో బిగిస్తారు. క్రషర్‌కి తిండి అక్కడే ఉంది.

టన్నుల సంగతి ఇలా ఒక సాయంత్రంలో తేలిపోయింది. మమ్మల్ని నెలల తరబడి తినేసింది సెకన్లు.

సిలిండర్ స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) 150 మి.మీ. పూర్తిగా చాపాలంటే 294 సీసీల ఆయిల్ కావాలి. మా గేర్ పంపు చుట్టుకి 1.6 సీసీ ఇస్తుంది, నిమిషానికి 3000 చుట్లు తిప్పితే 4.8 లీటర్లు, అంటే సెకనుకి 80 సీసీలు. దవడ మూసుకోడానికి 3.7 సెకన్లు పడుతుంది. అరీనాలో ఆ టైమ్‌లో అవతలివాడు వెనక్కి వెళ్లి, టీ తాగి, డ్రమ్ము స్పీడు అందుకుని మళ్లీ వచ్చి గుద్దుతాడు. పెద్ద పంపు పెడదామంటే 200 బార్ దగ్గర ఇప్పటికే 1.6 కిలోవాట్లు, నష్టాలు కలిపితే 2 కిలోవాట్లు లాగుతోంది. 24 వోల్టుల మీద అది 80 ఆంప్స్ పైమాట. రెండింతల పంపు పెడితే మోటారు, బ్యాటరీ, వైర్లు అన్నీ రెండింతలు.

స్పిన్నర్‌కీ క్రషర్‌కీ తేడా ఇక్కడే ఉంది. స్పిన్నర్ కొన్ని సెకన్ల పాటు శక్తిని కూడబెట్టి ఒక్క దెబ్బలో ఖర్చు పెడుతుంది. క్రషర్‌కి ఆ పొదుపు లేదు, కొరికేటప్పుడు ఎంత కావాలో అంతా అప్పటికప్పుడు మోటారు ఇవ్వాలి. నైట్రోజన్ అక్యుములేటర్ (గ్యాస్‌ని నొక్కి ప్రెజర్ దాచుకునే సీసా) పెడితే కూడబెట్టొచ్చు కానీ, 60 కేజీల రోబోలో 200 బార్ గ్యాస్ సీసా పక్కన డ్రమ్ము దెబ్బలు తినే ధైర్యం మాకు లేకపోయింది.

అయితే ఆలోచిస్తే, దవడ గాల్లో దిగేటప్పుడు ప్రెజర్ దాదాపు అక్కర్లేదు. తగిలాకే కావాలి. కట్టెలు చీల్చే లాగ్ స్ప్లిటర్లలో దీనికి రెండు దశల పంపు వాడతారు: తక్కువ ప్రెజర్‌లో ఎక్కువ ఆయిల్, లోడ్ పడగానే తక్కువ ఆయిల్ ఎక్కువ ప్రెజర్. మాకు సరిపోయే సైజులో అది దొరకలేదు. దొరికిన దారి రీజెనరేటివ్ సర్క్యూట్. సిలిండర్ చాచేటప్పుడు రాడ్ (పిస్టన్‌కి తగిలించిన కడ్డీ) వైపు నుంచి బయటికొచ్చే ఆయిల్‌ని ట్యాంక్‌కి పంపకుండా, పంపు ఆయిల్‌తో కలిపి మళ్లీ పిస్టన్ వెనక్కే తోలడం. రెండు వైపులా ఒకే ప్రెజర్ ఉన్నా, రాడ్ మందం మేర వైశాల్యం తేడా ఉంటుంది కాబట్టి పిస్టన్ ముందుకే పోతుంది. మా రాడ్ 28 మి.మీ., వైశాల్యం 616 చదరపు మి.మీ. ఇక పంపు నింపాల్సింది అంత మేరే. అదే పంపు, అదే మోటారు, మూసుకునే టైమ్ 3.7 నుంచి 1.15 సెకన్లకి వచ్చింది. అలా మూసేటప్పుడు బలం మూడో వంతుకంటే తక్కువే, కానీ గాలిని కొరకడానికి అది చాలు. కోర తగిలి ప్రెజర్ పెరగగానే రెండో వాల్వ్ తెరుచుకుని రాడ్ వైపు ఆయిల్‌ని ట్యాంక్‌కి వదిలేస్తుంది, అప్పుడు పూర్తి 4 టన్నులు పడతాయి.

ఇందులో ఒక చిలిపి చిక్కు ఉంది. దవడ కదలడం మొదలెట్టిన క్షణంలో, దాని బరువుని తోయడానికి ప్రెజర్ ఒక్కసారి ఎగిసి పడిపోతుంది. సెన్సర్ దాన్ని చూసి ‘ఏదో దొరికింది’ అనుకుని వాల్వ్ మార్చేసేది, దవడ మళ్లీ నత్తనడక. ప్రోగ్రామ్‌లో చిన్న డిలే పెట్టి, ఆ డిలే దాటినా ప్రెజర్ నిలబడి ఉంటేనే వాల్వ్ మారేలా చేశాం.

సామాను వేట అంతా విజయవాడ ఆటోనగర్‌లోనే. మా టీమ్‌లో ఒకడి బాబాయ్‌కి అక్కడ టిప్పర్ జాకీలు బాగుచేసే షెడ్డు ఉంది. ఆయనకి మా డ్రాయింగ్ చూపిస్తే అద్దాలు పైకెత్తి, “ఇంత బుల్లి జాకీతో దేన్నెత్తుతార్రా అబ్బాయ్?” అన్నారు.

“ఎత్తడానిక్కాదు బాబాయ్ గారూ, కొరకడానికి.”

ఆయన ఇంకేం అడగలేదు. సిలిండర్ మాత్రం ఆయన చేతి కిందే తయారైంది: హోనింగ్ చేసిన ట్యూబు, క్రోమ్ రాడ్డు, సీల్ కిట్టు. రెండు చివర్లా బుష్షులకి బదులు స్ఫెరికల్ బేరింగులు పెట్టమని ఆయనే చెప్పారు. టిప్పర్ ఛాసిస్ మెలి తిరిగితే జాకీ గ్లాండ్ సీలు ఒక పక్కే అరిగిపోవడం ఆయన రోజూ చూస్తున్నారు. మా దవడలో ఇరుక్కున్న రోబో అటూ ఇటూ గింజుకుంటే జరిగేదీ అదే.

మోటారు మొదట ట్రక్కు టెయిల్ లిఫ్ట్‌లో వాడే 24 వోల్టుల డీసీ పవర్ ప్యాక్‌ది. గట్టిది, బ్రష్ మోటారు, కానీ బరువు చూస్తే దిగులు పుట్టేది. తర్వాత తక్కువ కేవీ (ఒక్కో వోల్టుకి వచ్చే ఆర్‌పీఎం) ఉన్న బ్రష్‌లెస్ మోటారుకి మారాం. 150 కేవీ మోటారుని 6ఎస్ లైపో (ఆరు సెల్స్, దాదాపు 22 వోల్టుల బ్యాటరీ) మీద తిప్పితే లోడ్ లేనప్పుడు 3300 ఆర్‌పీఎం వస్తుంది, గేరు బెల్టు ఏమీ లేకుండా పంపుకి నేరుగా కప్లింగ్ వేసుకోవచ్చు.

పైపుల దగ్గర కాస్త ఆగాలి. పావు అంగుళం హోస్‌లో ఆర్1 అయితే ఒక వరస వైరు, 225 బార్. ఆర్2 అయితే రెండు వరసలు, 400 బార్. మేం ఆర్2 తీసుకున్నాం. కానీ దాన్ని 100 మి.మీ. వ్యాసార్థం కంటే బిగించి వంచకూడదు. రోబో లోపల ఎటు చూసినా 100 మి.మీ. ఖాళీ ఎక్కడ ఉంటుంది? చివరికి కదలని చోటల్లా సీమ్‌లెస్ స్టీలు పైపు వంచి వేసి, ఊగే సిలిండర్ దగ్గర మాత్రమే హోస్ ఉంచాం. ప్రతి బీఎస్‌పీ (పైపు మర) జాయింట్ దగ్గరా డౌటీ వాషర్ (రబ్బరు అంచున్న లోహపు వాషర్). టెఫ్లాన్ టేపు చుట్టబోతే హోస్ షాపు ఆయన చేతిలోంచి లాక్కున్నాడు. ముక్క తెగి వాల్వ్‌లో పడితే లోపల జరిగే స్పూల్ ఇరుక్కుంటుందట.

ఎక్కువమంది ఆలోచించని భాగం ట్యాంకు. టిప్పర్ తలకిందులు కాదు కాబట్టి దాని ట్యాంక్‌లో పైన గాలి, కింద ఆయిల్. మన రోబో తిరగబడుతుంది. అప్పుడు పంపు గాలి పీలుస్తుంది, ఆయిల్ నురగవుతుంది, దవడ స్పాంజిలా మెత్తబడుతుంది. పోనీ గాలి లేకుండా మూసేద్దామంటే, రాడ్ లోపలికీ బయటికీ పోయేటప్పుడు ట్యాంక్‌లో ఆయిల్ మట్టం 92 సీసీలు మారుతుంది. ఆ మార్పుకి చోటు కావాలి. సైకిల్ ట్యూబు ముక్క లోపల పెడదామన్నాడు మావాడొకడు. బాబాయ్ గారు నవ్వి, “ఆయిల్‌లో ఆ రబ్బరు ఉబ్బిపోద్ది, వారంలో జిగురైపోద్ది” అన్నారు. బ్యుటైల్ రబ్బరు మినరల్ ఆయిల్‌కి ఆగదు, నైట్రైల్ కావాలి. పాత అక్యుములేటర్‌లోంచి తీసిన నైట్రైల్ బ్లాడర్ దొరికింది. ఒక అల్యూమినియం డబ్బాలో బ్లాడర్ పెట్టి, దాని లోపలి భాగం బయటి గాలికి తెరిచి, చుట్టూ ఆయిల్ నింపాం. ఆయిల్ తగ్గితే బ్లాడర్ ఉబ్బుతుంది, పెరిగితే నలుగుతుంది. పంపుకి ఏ భంగిమలోనైనా ఆయిలే అందుతుంది.

మొదటిసారి 200 బార్‌కి తీసుకెళ్లిన రోజు ఒక ఫిట్టింగ్ దగ్గర సన్నటి పొగలా కనిపించింది. మావాడు చెయ్యి చాచబోయాడు. బాబాయ్ గారు వాడి మణికట్టు మీద ఫట్‌మని కొట్టారు. అది పొగ కాదు, కంటికి కనపడని బెజ్జంలోంచి తుంపరగా వస్తున్న ఆయిల్. ఆ ప్రెజర్‌లో చర్మం లోపలికి సూదిలా దిగిపోతుంది, పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట పెద్దగా ఉండదు, కానీ ఆపరేషన్ దాకా వెళ్లకపోతే వేలో చెయ్యో పోవచ్చు. లీకేజీ వెతకాలంటే అట్టముక్క అడ్డం పెట్టి చూడాలి, చేత్తో కాదు. ఇది హైడ్రాలిక్స్ ముట్టుకునే ప్రతి పిల్లాడికీ మొదటి రోజే చెప్పాల్సిన మాట. రోబోకి ఒక లాకింగ్ బార్, ప్రెజర్‌ని సున్నాకి దించే చేతి వాల్వ్, బయటికి కనిపించే గేజి ఆ వారమే బిగించాం. పోటీ రూల్‌బుక్కులు కూడా ముందే చదువుకోండి. హైడ్రాలిక్ ప్రెజర్ పరిమితి అన్ని చోట్లా ఒకలా ఉండదు, నిర్వాహకులకి రాసి రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే మేం సిలిండర్ ఆర్డర్ ఇచ్చాం.

దవడని రెండు 8 మి.మీ. హార్డాక్స్ పలకలతో, మధ్యలో అడ్డపట్టీలు వెల్డ్ చేసి పెట్టెలా కట్టాం. ఒకే మందపాటి పలక అయితే కిందికి నొక్కడానికి బాగానే ఆగుతుంది గానీ పక్కకి మెలి పడితే ఆగదు. చాలామంది మర్చిపోయే ఇంకో అంకె: కోర దగ్గర 1.1 టన్నే అయినా, సిలిండర్ తోపు 4 టన్నులు కూడా కలిసి పివట్ పిన్ను మీద 5 టన్నుల పైన పడుతుంది. 20 మి.మీ. ఈఎన్ 24 ఉక్కు పిన్ను దానికి బెదరదు. బెదిరేది పిన్నుని పట్టుకున్న ఛాసిస్ పలక. సిలిండర్ కింది మౌంటు, పివట్, కింది ఫోర్కులు (అవతలి రోబో కిందకి దూరే ముందు పళ్లు) మూడూ ఒకే ఇనప చట్రంలో ఉండేలా చేసి, మిగతా బాడీకి ఆ బలం అసలు తెలియకుండా కట్ చేశాం.

కొన విడిగా బోల్ట్‌తో బిగించేది. మొదట ఈఎన్ 31 ఉక్కుతో చేయించి 60 హెచ్‌ఆర్‌సీ (గట్టిదనం కొలత)కి గట్టిపరిస్తే, నిలువుగా గుచ్చినప్పుడు అద్భుతం, పక్కకి తిప్పగానే పెళుక్కున విరిగింది. తర్వాత డైలకి (లోహపు అచ్చులకి) వాడే హెచ్13 ఉక్కు తీసుకుని, హైదరాబాద్ బాలానగర్‌లో హీట్ ట్రీట్‌మెంట్ చేయించి 50 హెచ్‌ఆర్‌సీ దగ్గర ఆపించాం. ఇది విరగదు, మొన కాస్త మొద్దుబారుతుంది, మ్యాచ్‌కీ మ్యాచ్‌కీ మధ్య గ్రైండర్ పెడితే సరి. షెడ్డులో టెస్టుకి 3 మి.మీ. అల్యూమినియం పెడితే కిర్రుమని మూలిగి, మధ్యలో గుంట పడి, టప్‌మని కొన అటువైపు తేలింది. 5 మి.మీ. పలక మాత్రం సొట్ట పడి, సగం బెజ్జం దగ్గర మొరాయించింది. పాలీకార్బొనేట్ ఇంకో రకం మొండిది. చిట్లదు, తెగదు, కోర చుట్టూ సాగి అంటుకుంటుంది.

ఇక అరీనా. మొదటి మ్యాచ్ ఒక డ్రమ్ బాట్‌తో. మూత మీద కోర దించే అవకాశమే రాలేదు. కింది ఫోర్కులు రెండూ మొదటి గుద్దులోనే వంగిపోయాయి, ఫోర్కులు నేలకి ఆనకపోతే అవతలివాడు నోట్లోకి రాడు. మన 1.15 సెకన్లు ఎవరికీ అక్కర్లేకపోయాయి. రెండో మ్యాచ్ ఒక లిఫ్టర్‌తో (కిందికి దూరి పైకెత్తే రోబో). వాడు మా కిందకి దూరబోయి తనే ఫోర్కుల మీదకెక్కాడు. మా డ్రైవర్ బటన్ నొక్కాడు. దవడ దిగడం, పంపు శబ్దం ఒక్కసారి బరువెక్కడం, మూతలోంచి కోర లోపలికి పోవడం, అన్నీ ప్రేక్షకుల కేకల్లోనూ నాకు స్పష్టంగా వినిపించాయి. తర్వాత ఇంకో చిత్రం. పట్టి ఉంచే సమయం అయిపోయిందని రిఫరీ వదలమన్నాడు, కోర రాలేదు. చిరిగిన రేకు అంచులు కోర వెనక భుజాన్ని పట్టేసుకున్నాయి. తెరిచేటప్పుడు సిలిండర్‌కి మూడింట రెండొంతుల బలమే ఉంటుంది, రాడ్ వైశాల్యం పోతుంది కాబట్టి. ఆ బలానికి కోర రాకపోగా, వాడి రోబో మొత్తం పైకి లేచింది. మ్యాచ్ ఆపి చేత్తో విడదీశారు. లోపల వాడి రిసీవర్ వైర్లు తెగి ఉన్నాయి, విజయం మాదన్నారు. ఇంటికొచ్చాక కోర మీద ఎక్కడా మెట్టు లేకుండా మొదలు నుంచి మొన దాకా ఒకే వాలు వచ్చేలా మార్పించాం.

ఆ తర్వాతి మార్పులన్నీ కొరకడానికి కాదు, పట్టుకోవడానికే. ఫోర్కులు గట్టి మౌంటు వదిలి నేల మీద తేలేలా హింజ్ మీద వచ్చాయి, దెబ్బ తగిలితే పైకి లేచి మళ్లీ పడతాయి. ముందు చక్రాలు ఇంకా ముందుకి జరిగాయి, ఎందుకంటే 60 కేజీల శత్రువు ఫోర్కుల మీద ఉంటే మా వెనక చక్రాలు గాల్లోకి లేచి డ్రైవ్ పోయేది. బరువు మిగల్చడానికి సిలిండర్ 40 మి.మీ. బోర్‌కి దిగుతోంది. 250 బార్ దగ్గర 3.2 టన్నులు వస్తుంది, స్ట్రోక్‌కి ఆయిల్ 188 సీసీలే కావాలి. పోయిన బలంలో చాలావరకు దవడ లివర్ పొడవు తగ్గించి వెనక్కి రాబడుతున్నాం. ఆ ప్రెజర్‌ని రూల్‌బుక్ ఒప్పుకుంటుందో లేదో ఈసారి కూడా ముందే రాసి అడిగాం, జవాబు రావాల్సి ఉంది.

టెయిల్ లిఫ్ట్ పవర్ ప్యాక్‌ని మళ్లీ బెంచి టెస్టులకి వాడుకుందామని అడిగితే బాబాయ్ గారు ఇవ్వనన్నారు. దానికో సిలిండర్ తగిలించి కమాన్ పట్టీల బుష్షులు ఊడగొట్టడానికి వాడుకుంటున్నారు.